పేటెంటు కాగితంలో ‘మరొక వ్యక్తి’

విజయవాడలో కనకదుర్గ వారధి దాటి గుంటూరు వైపు పోతుంటే రోడ్డుకి రెండువైపులా ఇంజనీరింగ్ చదువుల హోర్డింగులు కనిపిస్తాయి. ఒకప్పుడు వాటి మీద ర్యాంకులుండేవి. తర్వాత ప్యాకేజీలొచ్చాయి. ఇప్పుడు వాటికి పేటెంట్లు తోడయ్యాయి. ఇన్ని దరఖాస్తులు, ఇన్ని ప్రచురణలు, ఇన్ని మంజూరు అని అంకెలు. 1977లో కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ, 1980లో కోనేరు లక్ష్మయ్య కాలేజీ వెలిసినప్పుడు ఈ మాట ఇక్కడ ఎవరి నోటా వినపడేది కాదు. రెండో కాలేజీ 2009లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. 2017లో అమరావతి ప్రాంతంలోకి విట్, ఎస్‌ఆర్‌ఎం వచ్చాయి. ఈ నలభై మైళ్ల మేరలో ఇప్పుడు ఆవిష్కరణ అన్న మాట లేకుండా ఏ స్నాతకోత్సవ ఉపన్యాసమూ సాగడం లేదు.

ఆ అంకెల్లో ఏది గట్టిది, ఏది తాలు అన్న విచారణ వేరేవాళ్లు చేస్తారు. మేం చేయదలచుకున్నది వేరే పని. పేటెంటు కూడా ఒక రాతే గదా. కథనీ కవితనీ చదివినట్టు దాన్నీ చదివి చూద్దామని మా ప్రయత్నం. దళిత సాహిత్య విమర్శ మనకి నేర్పిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇందులో మాట్లాడుతున్నదెవరు? ఎవరిని గురించి? ఊళ్లో ఎవరు, వాడలో ఎవరు? ఈ ప్రశ్నలు కావ్యాలకి పనికొచ్చినప్పుడు పేటెంటు కాగితానికి ఎందుకు పనికిరావు?

ముందు ఆ కాగితం సంగతి కొంచెం చెప్పాలి. మన విద్యార్థుల్లో చాలామంది దాన్ని చూసి ఉండరు. మొదట ఫారం 1. అందులో దరఖాస్తుదారు ఎవరో, కనిపెట్టినవారెవరో రాయాలి. దరఖాస్తుదారు మామూలుగా యూనివర్సిటీ, కనిపెట్టినవారు అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు. చట్టం వాడే మాట ‘నిజమైన, మొదటి ఆవిష్కర్త’. తర్వాత వివరణ పత్రం. అందులో ముందు ‘నేపథ్యం’, అంటే ఇంతకుముందు ఏముంది, దాంట్లో లోపమేమిటి. ఆపైన కొత్తది ఎలా పనిచేస్తుందో వర్ణన. చివరికి ‘క్లెయిములు’, అంటే నాది ఇంతవరకు అని గట్టు వేసుకోవడం. పొలం గట్టుకీ దీనికీ తేడా పెద్దగా లేదు, గట్టు వేసుకోగలిగినవాడిదే పొలం.

దరఖాస్తు పెట్టిన 18 నెలలకి అది ప్రచురితమవుతుంది. తొందరపడేవారు వేరే ఫారం పెట్టి, రుసుం కట్టి, ముందే వేయించుకోవచ్చు. ప్రచురణ అయినంత మాత్రాన పేటెంటు వచ్చినట్టు కాదు. పరీక్ష జరిగి మంజూరు కావాలి. అయితే కేంద్రం 2016 నుంచి ఇస్తున్న జాతీయ ర్యాంకుల్లో మంజూరైనవాటితో పాటు ప్రచురితమైనవాటికి కూడా మార్కులు పెట్టారు. 2021లో విద్యాసంస్థలకి పేటెంటు రుసుముల్లో 80 శాతం తగ్గింపు ఇచ్చారు. దేశం మొత్తం మీద 2023–24లో లక్షకు పైగా పేటెంట్లు మంజూరయ్యాయని ప్రభుత్వం గొప్పగా ప్రకటించింది. హోర్డింగుల మీది అంకెలు ఎందుకు ఉబ్బుతున్నాయో దీన్నిబట్టి తెలుస్తుంది. అంతకుమించి వాటి మీద సమయం పెట్టనక్కర్లేదు.

ఫారం 1లో పేరు, జాతీయత, చిరునామా ఉన్నాయి. కులం గడి లేదు. కాబట్టి ఈ దేశంలో దళితులు ఎంతమంది ఆవిష్కర్తలుగా నమోదయ్యారో ఆ ఆఫీసు లెక్కల్లోంచి తీయడం ఎవరి తరమూ కాదు. కులం అడగకపోవడం ఆధునికత అని కొందరు మిత్రులంటారు. కావచ్చు. కానీ ఆ ఫారం దాకా వచ్చే దారిలో ప్రతి గడపా కులాన్ని అడిగే ఉంటుంది. 2006లో అమల్లోకి వచ్చిన 93వ సవరణతో ప్రైవేటు కాలేజీల్లో కూడా రిజర్వేషన్లు పెట్టే చట్టం చేసుకునే వీలు కలిగింది. 2014లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ప్రైవేటు ఉన్నత విద్యకి వర్తించే అలాంటి చట్టాన్ని పార్లమెంటు మాత్రం ఇప్పటిదాకా చేయలేదు. ప్రయోగశాల తలుపు ఎవరికి తెరుచుకుంటుందన్నది అక్కడే సగం తేలిపోతోంది.

ఇక ‘నేపథ్యం’ భాగానికి వద్దాం. మాకు అన్నిటికంటె ఆసక్తి కలిగించింది ఇదే. పారిశుధ్య యంత్రం కావచ్చు, వరినాటు యంత్రం కావచ్చు, నేపథ్యం రాసే తీరు ఒకటే. ‘ప్రస్తుతం ఈ పని మనుషులు చేస్తున్నారు. ఇది శ్రమతో కూడినది, అపాయకరం, ఖర్చు ఎక్కువ, సమయం ఎక్కువ.’ ఇదీ వరస. ఆ ‘మనుషులు’ ఎవరో ఉండదు. కర్మణి ప్రయోగంలో పని ‘చేయబడుతుంది’. మన పాలేరు, మన పాకీపనివారు, మన ఊడ్పు కూలీలు మొదటి పేజీలో సమస్యగా ప్రవేశించి, రెండో పేజీకి యంత్రం రాగానే నిష్క్రమిస్తారు. నాటకంలో ద్వారపాలకుడికైనా ఇంతకంటె ఎక్కువ మాటలుంటాయి.

ఉదాహరణకి మ్యాన్‌హోల్ సంగతే చూడండి. 2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో మురుగు గుంటలో దిగి ఇద్దరు కార్మికులు చనిపోయారు. ఆంధ్ర నుంచి బతకడానికి వెళ్లినవాళ్లు. వాళ్లని కాపాడబోయి ఒక ఆటో డ్రైవరు కూడా చనిపోయాడు. ఆ ఘటన కదిలించడంతోనే కుట్టిప్పురం ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన యువకులు మురుగు శుభ్రం చేసే రోబోని తయారుచేశారు. దానికి ‘బ్యాండికూట్’ అని పేరు పెట్టారు, పందికొక్కు అన్నమాట. 2018లో తిరువనంతపురంలో అది పనిలోకి దిగింది. ఆ కుర్రాళ్ల మీద మాకు గౌరవమే ఉంది. యంత్రం రావాలి. నిజానికి ఎప్పుడో రావల్సింది. చంద్రుడి మీదికి యంత్రాన్ని పంపిన దేశం 20 అడుగుల గుంటలోకి పంపలేకపోవడం సాంకేతిక లోపం కాదని బెజవాడ విల్సన్ లాంటివాళ్లు ఏనాటి నుంచో చెబుతున్నారు. కోలార్ బంగారు గనుల్లో పాకీపని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టినవాడాయన. 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. మన ఊరు ఆయన ఇంటిపేరులోనే ఉంది.

మా ప్రశ్న యంత్రం చుట్టూ అల్లుకున్న రాత గురించి. 2013 చట్టం పాకీపని చేసేవాడు ఎవరో నిర్వచిస్తూ ఒక వివరణ చేర్చింది. కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పరికరాల సాయంతో, రక్షణ సామగ్రి తొడుక్కుని మలం ఎత్తే మనిషిని ‘మాన్యువల్ స్కావెంజర్’ అనరాదట! మనిషి అతనే, వాడ అదే, గుంట అదే. చేతికి పరికరం వచ్చింది కాబట్టి చట్టం దృష్టిలో అతను మాయం. ఇక పునరావాసం ఎవరికి? పేటెంటు కాగితంలో నేపథ్యం నుంచి జారిపోయిన మనిషి చట్టంలో కూడా సరిగ్గా అదే చోట జారిపోయాడు. చనిపోతే మాత్రం లెక్కలోకొస్తాడు. 2014లో సుప్రీంకోర్టు 10 లక్షలంది, 2023లో 30 లక్షలంది. ఆ డబ్బు కోసం కూడా కుటుంబాలు ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే.

గుంటలో దిగే మనిషికి తెలిసినదేమీ లేదా? మూత తీసి కాసేపు వదిలెయ్యాలని తెలుసు. వెదురు కర్రతో కలిపి గాలిని పైకి రానిచ్చి అప్పుడు దిగాలని తెలుసు. లోపల బొద్దింకలు బతికుంటే దిగొచ్చని, అవి కూడా లేకపోతే అనుమానించాలని తెలుసు. ఇది పరిశీలనా, కాదా? ఏ విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకమైనా మొదటి అధ్యాయంలో చెప్పే పరిశీలన, పరీక్ష, అనుమానం అన్నీ ఇందులో ఉన్నాయి. చట్టం ఒక ఆవిష్కరణ పేటెంటుకి తగినదా అని తేల్చడానికి ఒక ఊహామానవుణ్ని పెట్టుకుంది. ‘ఆ విద్యలో నేర్పున్న వ్యక్తి’కి అది తేలిగ్గా తట్టేదైతే పేటెంటు ఇవ్వకూడదు. మురుగు విద్యలో నేర్పున్న వ్యక్తి ఎవరు? బొద్దింకల్ని చూసి ప్రాణం కాపాడుకునేవాడా, ఎం.టెక్. చేసినవాడా? కాగితం రాసేవారికి ఈ ప్రశ్న తట్టను కూడా తట్టదు.

ఇక్కడ మనలో మనం ఒక మాట అనుకోవాలి. కంచ ఐలయ్యగారు 2007లో పిల్లల కోసం తెచ్చిన ఇంగ్లీషు పుస్తకంతో సహా చాలాచోట్ల ఉత్పత్తి కులాలే ఈ దేశపు అసలు శాస్త్రజ్ఞులని వాదించారు. లందలో తోలు ఊనిన మాదిగ రసాయన శాస్త్రం తెలిసినవాడనీ, కుమ్మరి, చాకలి కూడా అలాంటివాళ్లేననీ. ఆ వాదనకి మేం రుణపడి ఉన్నాం. తంగేడు చెక్కతో పచ్చితోలుని ఎన్నిరోజులు ఊరబెట్టాలో, డప్పుకి బిగించిన తోలుని మంటకి ఎంత కాచితే ఏ మోత వస్తుందో తెలియడం జ్ఞానమేనని గట్టిగా చెప్పిన గొంతు అది. కానీ ఆ వాదనతో చివరిదాకా నడవలేం. బొద్దింకల పరీక్ష చావు నేర్పిన చదువు. దానికి దండవేసి ఊరేగించడం మాకిష్టం లేదు. ఆ చదువు అవసరం లేకుండా పోవాలన్నదే మన పోరాటం. పసుపు సంగతి అట్లా కాదు, విత్తనం సంగతీ అట్లా కాదు. అక్కడ జ్ఞానం మనదని చెప్పుకోవాల్సిందే, వాటా అడగాల్సిందే. అంబేద్కర్ కులవృత్తిని బద్దలుకొట్టమన్నాడని ఆ వృత్తిలో పుట్టిన తెలివిని కూడా పారేసుకోనక్కర్లేదు.

పసుపు అన్నాం గదా. యూనివర్సిటీ పేటెంట్ల చరిత్రలో మన డెల్టాకి సూటిగా తగిలే కథ అదే. 1995 మార్చిలో అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద పేటెంటు ఇచ్చారు. ఆవిష్కర్తలుగా ఉన్న ఇద్దరూ భారతీయ మూలాలున్నవాళ్లే. కొడవలి తెగిన వేలికి పసుపు అద్దడం తెలియని ఇల్లు తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర వైపున్న ఏ పల్లెలోనైనా దొరుకుతుందా? దుగ్గిరాల యార్డుకి వచ్చే పసుపుని దున్నిపెట్టి, తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసి, మెరుగుపెట్టే పనుల్లో ఉన్నది ఎక్కువగా మన వాడల ఆడమనుషులూ మగవాళ్లూ. ఆ దుమ్ము మింగినవాళ్లు, ఆ పసుపుని పుండుకి పెట్టుకున్నవాళ్లు వాళ్లే.

ఆ పేటెంటుని మన సి.ఎస్.ఐ.ఆర్. సవాలు చేసింది. 1997లో క్లెయిములన్నీ కొట్టేశారు. దేశమంతా పండగ చేసుకుంది, పత్రికలు దీన్ని రెండో హల్దీఘాట్ యుద్ధమన్నాయి. మేం కూడా సంతోషించాం. ఎలా గెలిచారో చదివాక ఆ సంతోషం సగమైంది. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం అమెరికా బయట జనం వాడుకలో ఉండడం లెక్కలోకి రాదు. బయటిదైతే అచ్చులో ఉండాలి, లేదా పేటెంటు అయి ఉండాలి. ఆ నిబంధన 2011 చట్టంతో మారి, 2013 నుంచి అమల్లోకొచ్చింది. అందుకని సి.ఎస్.ఐ.ఆర్. పాత సంస్కృత గ్రంథాలు వెతికింది, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక వ్యాసాన్ని పెట్టింది. వాటితో గెలిచింది. వేల సంవత్సరాలు కోట్లమంది చేతుల మీద ఉన్న తెలివి సాక్ష్యం కాలేదు, గ్రంథం సాక్ష్యమైంది.

ఒక్కసారి ఆలోచించండి. అక్షరం ఎవరికి నిషేధించారు? ఎవరి చెవిలో సీసం పోయమన్నారు? రాతకి దూరంగా ఉంచబడ్డ జనం ‘ముందే తెలిసినవాళ్లు’ కావాలంటే వాళ్లని దూరంగా ఉంచినవాళ్ల గ్రంథాన్నే సాక్షిగా పిలవాలన్నమాట. అమెరికన్ చట్టం మనువు నుంచి నేర్చుకోలేదు గానీ ఫలితం మాత్రం ఒక్కటే. ఆవిష్కర్తల జాబితాలో మనం లేం. ఆవిష్కరణని అడ్డుకున్న సాక్షుల జాబితాలో కూడా లేం.

ఆ కేసు నేర్పిన పాఠంతో 2001లో సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం పని మొదలైంది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల్లోని యోగాల్ని ఐదు విదేశీ భాషల్లోకి తెచ్చి పేటెంటు ఆఫీసులకి అందుబాటులో పెట్టారు. మంచిపనే, దానివల్ల చాలా దొంగ పేటెంట్లు ఆగాయి. అయితే అందులోకి ఏది చేరుతుంది? సంస్కృతంలో, అరబ్బీలో, పర్షియన్‌లో, ఉర్దూలో, తమిళంలో పుస్తకాలకెక్కింది చేరుతుంది. మాల పల్లెలో మంత్రసానికి తెలిసింది, మాదిగవాడలో పశువుల రోగాలకి మందులిచ్చే పెద్దాయనకి తెలిసింది, యానాదులు ఎలుక కన్నాన్నిబట్టి, పాము జాడనిబట్టి చదివే నేల చేరదు. దేశ సంప్రదాయమంటే గ్రంథ సంప్రదాయమేనని మళ్లీ ఒకసారి, ఈసారి కంప్యూటర్ మీద, ఖాయం చేసుకున్నాం.

వరి విషయంలో ఇంకో రకం రాత ఉంది. మొక్కలకీ విత్తనాలకీ మన పేటెంటు చట్టం పేటెంటు ఇవ్వదు, వ్యవసాయ పద్ధతికీ ఇవ్వదు. దానికి బదులు 2001లో వృక్ష రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం వచ్చింది. పేరులోనే రైతు హక్కులున్నాయి, ప్రపంచంలో మరే దేశమూ ఇంత ఇవ్వలేదని మెచ్చుకున్నారు. మన ప్రాంతపు వ్యవసాయ పరిశోధన చిన్నదేమీ కాదు. 1982లో మారుటేరు నుంచి స్వర్ణ, 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చాయి. ఈ రెండూ తినని తెలుగు ఇల్లు ఉండదు. ఈ కేంద్రాలు ఇప్పుడు లాంలో ప్రధాన కార్యాలయమున్న ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందివి.

ఆ చట్టంలో రైతు అంటే ఎవరు? మూడు రకాలు చెప్పింది. ఒకటి, భూమిని తానే సాగుచేసేవాడు. మూడోది, పాత రకాలని కాపాడి, వాటి గుణాలు గుర్తించి, మెరుగుపరిచేవాడు. రెండోదాన్ని కాస్త నిదానంగా చదవాలి. ‘మరొక వ్యక్తి’ ద్వారా సాగుచేయిస్తూ, దాన్ని నేరుగా పర్యవేక్షించేవాడు కూడా రైతే. గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడ్డవాడు రైతు. మడిలో వంగినవారు ‘మరొక వ్యక్తి’. ఎవరీ మరొక వ్యక్తి? కృష్ణా డెల్టాలో అడగనక్కర్లేని ప్రశ్న ఇది. నారు పీకి, కట్ట కట్టి, మోకాలు లోతు బురదలో వెనక్కి నడుస్తూ ఊడ్చే మన తల్లులూ అక్కచెల్లెళ్లూ. చట్టసభ తెలిసో తెలియకో నిజం చెప్పేసింది. రైతు హక్కుల చట్టంలో కూలీకి దొరికిన పేరు అంతే, సర్వనామానికి కాస్త ఎక్కువ.

విత్తనం శుద్ధిగా ఉండాలంటే మడిలో కేళీలు ఏరెయ్యాలి. పచ్చటి చేలో వేలాది దుబ్బుల మధ్య ఒక దుబ్బు ఎత్తు తేడా, ఆకు రంగు తేడా, వెన్ను వచ్చిన రోజు తేడా పట్టుకునే కన్ను కూలిమనిషి కన్ను. కేళీలు ఏరని విత్తనం రెండేళ్లలో చెడిపోతుంది. రకాన్ని నమోదు చేసే కాగితం అడిగే మూడు గుణాలు ప్రత్యేకత, ఏకరూపత, స్థిరత్వం. అందులో ఏకరూపత నిలబెడుతున్నది ఆ కన్ను. ఆ కాగితంలో ఆ కంటికి ఒక్క గడి లేదు. రోజుకూలి పద్దులో మాత్రమే ఉంటుంది, అదీ తలలెక్కన.

ఈ మాట అంటే కొందరు నవ్వుతారు. ప్రతి పనిమనిషినీ ఆవిష్కర్త అంటే ఎట్లాగండీ అని. మేం అంటున్నది అది కాదు. సంకరం చేసిన శాస్త్రజ్ఞుడి శ్రమని తక్కువ చేయడం లేదు. నేర్చుకున్నచోటు ఒప్పుకోవడం శాస్త్రానికి కొత్త కాదు. ఇసుకలో లోతు తెలియని చోట పునాది వేయడం కావేరి మీద పాత ఆనకట్టలు కట్టినవాళ్ల దగ్గర నేర్చుకున్నామని ఆర్థర్ కాటన్ స్వయంగా రాశాడు. బెజవాడ దగ్గర 1855 నాటికి పూర్తయిన ఆనకట్ట కూడా ఆ పాఠం మీద నిలబడ్డదే. పరాయి ప్రభుత్వపు ఇంజనీరు ఒప్పుకున్నది మన యూనివర్సిటీ వివరణ పత్రం ఒప్పుకోలేదా?

ఆ ఆనకట్ట దగ్గరే ఇంకొక లెక్క మొదలవుతుంది. కాలవ నీళ్లొచ్చాయి, మాగాణి పండింది, మిగులు వచ్చింది. ఆ మిగులు రైసు మిల్లుల్లోకి, లారీల్లోకి, సినిమాల్లోకి, చివరికి ఇంజనీరింగ్ కాలేజీల్లోకి పోయింది. నీళ్లు పారించినవాళ్లూ ఊడ్చినవాళ్లూ కోసినవాళ్లూ ఆ మిగులులో వాటా అడిగినచోట, కనీసం సమానంగా తలెత్తి నిలబడినచోట ఏం జరిగిందో మన పాఠకులకి చెప్పక్కర్లేదు. 1985లో డెల్టా పడమటి కొసన కారంచేడు, 1991లో దుగ్గిరాలకి ఎంతో దూరం లేని చుండూరు. పేటెంటుకి ఇరవయ్యేళ్ల గడువుంటుంది. ఈ మిగులు మీద హక్కుకి గడువు లేదు, ఎవరి పేరునా నమోదు లేదు.

మన ఇంటి కంపు కూడా చూసుకుందాం. దళిత అధ్యయనాల పేరిట వాడల్లో తిరిగి పాటలు, కథలు, మందులు, మాటలు రికార్డు చేసుకుని డిగ్రీలు సంపాదించిన మాలో చాలామంది ఆ చెప్పినవాళ్ల పేర్లు సిద్ధాంత గ్రంథాల్లో ఎక్కడ పెట్టాం? ‘సమాచార దాతలు’ అని చివరి పేజీల్లో, అదీ పెడితే. ‘మరొక వ్యక్తి’ని తయారుచేయడంలో మేమూ వెనకబడలేదు.

చట్టంలో ఒక కిటికీ అయితే ఉంది. భారత పేటెంటు చట్టం సంప్రదాయ జ్ఞానానికి పేటెంటు ఇవ్వొద్దంది. 25వ సెక్షనులో ఇంకొక మాట కూడా చేర్చుకుంది. స్థానిక సమాజంలో ‘మౌఖికంగానో మరోలానో’ ఉన్న జ్ఞానాన్ని చూపించి ఏ దరఖాస్తునైనా వ్యతిరేకించవచ్చు. అమెరికా ఆనాడు ఒప్పుకోని నోటిమాటని మన చట్టం ఒప్పుకుంది. మంజూరుకి ముందు ఎవరైనా వ్యతిరేకించవచ్చు. అయితే 2024 నిబంధనలు దానికి కూడా రుసుం పెట్టాయి. అదీ గాక పేటెంటు పొందినవారు దాన్ని నిజంగా వాడుతున్నారా, అటకమీద పెట్టారా అని ఫారం 27లో చెప్పాలి. వారధి దగ్గర హోర్డింగు మీది అంకెలకి ఈ ప్రశ్న వేయడానికి లాయరు అవసరం లేదు. పేటెంటు ఆఫీసు పత్రిక ప్రతి శుక్రవారం వస్తుంది, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

పసుపు మీదో, చేపల మేత మీదో, పశువుల మందు మీదో మన చుట్టుపక్కల యూనివర్సిటీ నుంచి రేపు ఒక దరఖాస్తు ప్రచురితమైందనుకుందాం. అది మా అత్తమ్మకి ఎప్పుడో తెలుసని ఒక విద్యార్థి గుర్తుపట్టాడనుకుందాం. ఆమె మాట సాక్ష్యం కావాలంటే చెన్నై ఆఫీసుకి ప్రమాణపత్రం వెళ్లాలి. నిబంధన ప్రకారం అది ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి. తెలుగు చెల్లదు. కాబట్టి ముందు ఆమె చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాసి, ఆమెకి చదివి వినిపించి, అప్పుడు ఇంగ్లీషు చేయాలి. వేసవి సెలవుల్లో ఊళ్లకి పోయే విద్యార్థుల్నీ, బడుల్లో పనిచేసే మిత్రుల్నీ మేం అడిగేది ఈ మొదటి సగం. ఏ నెలలో, ఏ నేలలో, ఏ మోతాదులో, ఎవరి దగ్గర నేర్చుకుందో అడగండి. తేదీ వేయండి. ఆమె పేరు ఇంటిపేరుతో సహా, వాడ పేరుతో సహా, కాగితం పైభాగాన రాయండి. రాసినవారి పేరు కింద ఉంటే చాలు.